యాంటీబాడీ పరీక్ష, 3వ పాఠం: బ్యాండ్ వచ్చింది, మన ప్రోటీన్‌దేనా?

కిందటి పాఠంలో డేటాషీట్ చదివి యాంటీబాడీని (ఒక ప్రోటీన్‌ను గుర్తుపట్టి దానికి అంటుకునే అణువును) ఎంచుకున్నాం, వెస్టర్న్ బ్లాట్ (కణాల ప్రోటీన్లను జెల్‌లో సైజువారీగా విడదీసి, మెంబ్రేన్ అనే పొర మీదికి మార్చి, యాంటీబాడీతో వెతికే పరీక్ష) చేశాం. మెంబ్రేన్ మీద ఒక బ్యాండ్, అంటే యాంటీబాడీ అంటుకున్న చోట గీత, కనిపించింది. ఇక అది ఎవరిదో తేల్చాలి.

ముందు సైజు. అమైనో ఆమ్లాల సంఖ్యను 110తో గుణిస్తే ప్రోటీన్ బరువు డాల్టన్లలో ఉజ్జాయింపుగా వస్తుంది. సి9ఓఆర్ఎఫ్72 అనే ప్రోటీన్‌నే తీసుకోండి. దాని పొడవైన రూపంలో 481 అమైనో ఆమ్లాలు, అంటే దాదాపు 53 కిలోడాల్టన్లు. 2011లో, కండరాలను నడిపే నరాలు క్షీణించే ఏఎల్ఎస్ జబ్బుతో దాని జన్యువుకు సంబంధం బయటపడేదాకా దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువే. ఆ తర్వాత మార్కెట్లోకి వచ్చిన యాంటీబాడీల్లో కొన్ని అసలు వేరే ప్రోటీన్లను పట్టుకుంటున్నాయని పరీక్షల్లో తేలింది.

కాబట్టి సైజు కలిసిందని సంబరపడొద్దు. అదే బరువున్న ప్రోటీన్లు కణంలో ఇంకా బోలెడుంటాయి. పైగా చక్కెర గొలుసులు అతుక్కుంటే మన ప్రోటీనే లెక్కకన్నా పైన ఆగుతుంది. పేరున్న ప్రోటీనైతే పాత బ్లాట్లతో పోల్చుకోవచ్చు. ఎవరూ ముట్టని ప్రోటీన్‌కు ఆ వీలుండదు.

అందుకే నాకౌట్, అంటే జన్యువును పోగొట్టి చూడడం. క్రిస్పర్ అనే జన్యువులను కత్తిరించే సాధనంతో ఆ జన్యువును పోగొట్టిన కణాల లైసేట్‌ను (కణాలను పగలగొట్టిన ద్రవాన్ని), మామూలు కణాల లైసేట్‌ను ఒకే జెల్‌లో పక్కపక్కన, సమాన మోతాదులో నడపండి. నాకౌట్ లేన్‌లో (జెల్‌లో ఆ నమూనా నడిచిన వరుసలో) మాయమైన బ్యాండే మనది. రెండింటిలోనూ ఉన్నది, ఎంత ముద్దుగా కనిపించినా, పరాయిది. లోడింగ్ కంట్రోల్ (రెండు లేన్లలోనూ ఒకే మోతాదు వేశామని చూపే మరో ప్రోటీన్ బ్యాండ్) మాత్రం రెండు లేన్లలోనూ సమానంగా ఉండాలి, లేకపోతే పోలికే చెల్లదు.

ఏ కణాలు వాడాలి? ఆ జన్యువు ఆర్ఎన్ఏ ఎక్కువగా తయారయ్యే కణాలు. హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. ప్రోటీనే లేని కణాల్లో నాకౌట్ చేసి ఏం లాభం?

నాకౌట్ దొరక్కపోతే ఎస్ఐఆర్ఎన్ఏతో (ఆ జన్యువు ఆర్ఎన్ఏను నాశనం చేయించే చిన్న ఆర్ఎన్ఏ ముక్కతో) ప్రోటీన్‌ను తగ్గించి, బ్యాండ్ పలచబడిందా చూడండి. నిలకడైన ప్రోటీన్ అయితే తగ్గడానికి రెండు మూడు రోజులు పడుతుంది. సెకండరీ యాంటీబాడీ (మన యాంటీబాడీకి అంటుకుని దాన్ని కనిపించేలా చేసేది) ఒక్కటే వేసిన మెంబ్రేన్ ముక్క కూడా ఒకటి ఉంచుకోండి. పెప్టైడ్‌తో (యాంటీబాడీ తయారీకి వాడిన ప్రోటీన్ ముక్కతో) యాంటీబాడీని అడ్డుకునే పరీక్షను డేటాషీట్లు గొప్పగా చూపిస్తాయి గానీ, నేను దానికి ఎక్కువ మార్కులు వేయను. తప్పు ప్రోటీన్‌కు అంటుకునే యాంటీబాడీని కూడా ఆ పెప్టైడ్ ఆపేస్తుంది మరి.

అభ్యాసం: మీ ప్రోటీన్‌లో 320 అమైనో ఆమ్లాలు. 35 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ రెండు లేన్లలోనూ ఉంది. 48 దగ్గరిది మామూలు కణాల్లోనే ఉంది. ఏది మీది? దాన్ని రూఢి చేసుకోవడానికి లైసేట్‌కు ఏ ఎంజైమ్ కలుపుతారు? జవాబు 4వ పాఠంలో.