టిడ్లీవికీ నోట్సు ఇటునుంచి అటు లాగే ముందు

ఇంటి నోట్సుకు ఒక టిడ్లీవికీ (బ్రౌజర్‌లో తెరిచి నోట్సు రాసుకునే సాఫ్ట్‌వేర్), ఆఫీసు పనికి ఇంకొకటి, సరదాగా మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన మూడోది. ఇలా పోగుపడ్డాక అన్నిటినీ ఒకచోటికి చేర్చాలని ఎవరికైనా అనిపిస్తుంది. పని కూడా తేలికే. రెండు వికీలను పక్కపక్క విండోల్లో తెరిచి, ఒకదాంట్లోని టిడ్లర్ (టిడ్లీవికీలో ఒక్కో నోటు పేరు అది) లింకును మౌస్‌తో పట్టుకుని రెండోదాంట్లో వదిలి, ‘ఇంపోర్ట్’ నొక్కితే చాలు. ట్యాగును పట్టి లాగితే ఆ ట్యాగున్న టిడ్లర్లన్నీ కలిసి వస్తాయి. బుక్‌మార్క్‌లెట్ (బుక్‌మార్కుల్లో దాచుకునే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకున్నవాళ్ళకైతే ఒక్క క్లిక్కు. చిక్కు ఎక్కడంటే, 2004లో జెరెమీ రస్టన్ మొదలుపెట్టిన నాటి నుంచీ టిడ్లీవికీ పద్ధతి వికీ మొత్తాన్నీ ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలులో ఉంచడం. అందులో చెత్తబుట్ట లేదు, పాత మార్పుల చరిత్ర లేదు. చెరిగిపోయిన పేజీని వెనక్కి తెచ్చే మీట ఏదీ ఉండదు.

అందుకని ముందు బ్యాకప్. పంపే వికీకీ, అందుకునే వికీకీ రెండింటికీ తేదీ పేరుతో కాపీలు తీసి వేరే ఫోల్డర్‌లో పెట్టండి. ఇంపోర్ట్ అయ్యాక బాగా లేకపోతే సేవ్ చేయకుండా మూసేద్దాంలే అనుకోకండి. ఆటోసేవ్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. మీ సేవింగ్ ఏర్పాటు దానికి అనుకూలిస్తే, ఇంపోర్ట్ నొక్కిన వెంటనే ఫైలు సేవ్ అయిపోతుంది.

ఒకే వికీ రెండు ట్యాబుల్లో తెరిచి లేదని కూడా చూసుకోండి. ఒక ట్యాబులో ఇంపోర్ట్ చేసి, ఇంకో ట్యాబులో ఏదో చిన్న మార్పు చేసి సేవ్ కొడితే, చివర సేవ్ అయిన ట్యాబుదే రాజ్యం. ఇంపోర్ట్ చేసిందంతా గల్లంతు.

సేవ్ ఎలా అవుతోందో కూడా ముందే తేల్చుకోవాలి. ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో టిడ్లీఫాక్స్ అనే ఎక్స్‌టెన్షన్ ఉండేది, సేవ్ కొడితే అదే ఫైలులో పడేది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాత తరహా ఎక్స్‌టెన్షన్లను ఆపేశాక ఆ సుఖం పోయింది. వేరే ఏర్పాటేదీ లేకపోతే బ్రౌజర్ సేవ్ చేయడమంటే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో కొత్త కాపీ పడేయడమే, పేరు చివర (1) తగిలించి. మర్నాడు అలవాటుగా పాత ఫైలు తెరిచి, నిన్న తెచ్చినవన్నీ ఏమైపోయాయని కంగారుపడటం మామూలే. ముందు ఒక్క టిడ్లర్ తెచ్చి, సేవ్ చేసి, ట్యాబు మూసి, రోజూ తెరిచే ఫైలునే మళ్ళీ తెరిచి చూడండి. అది కనిపిస్తేనే మిగతావి.

ఇక అసలు గండం పేర్ల దగ్గర. టిడ్లీవికీలో టిడ్లర్‌కు గుర్తింపు దాని పేరే. అదే పేరుతో ఇంకొకటి బయటినుంచి వస్తే, ఉన్నది పోయి వచ్చింది దాని చోట్లో కూర్చుంటుంది. రెండూ కలవవు. ఉదాహరణకు మీ ఇంటి వికీలో ‘బైక్ సర్వీసింగ్’ అనే టిడ్లర్ ఉంది. ఏ నెలలో ఆయిల్ మార్చారు, టైర్లు ఎప్పుడు వేయించారు, ఎంతైంది అన్నీ అందులో ఉన్నాయి. ఆఫీసు వికీలోనూ అదే పేరుతో ఒకటుంది. అందులో ఉన్నది ఒక్క వాక్యం: ‘చైన్ వదులైంది, మెకానిక్‌కి చెప్పాలి’. దాన్ని తెచ్చి ఇక్కడ వదిలి ఇంపోర్ట్ నొక్కితే లెక్కలన్నీ పోయి చైను సంగతి ఒక్కటే మిగులుతుంది. రెండింట్లో ఏది కొత్తదో, ఏది పెద్దదో టిడ్లీవికీ బేరీజు వేయదు.

కాబట్టి లాగి వదలగానే వచ్చే ఇంపోర్ట్ జాబితాను తీరిగ్గా చదవండి. ఒక్కో పేరు పక్కన టిక్ ఉంటుంది, అక్కర్లేనివి తీసేయవచ్చు. కొత్త వెర్షన్లలో అక్కడే పేరు మార్చుకునే వీలూ ఉంది. ‘టు డూ’, ‘లింకులు’, ‘ఐడియాలు’ లాంటి పేర్లు ప్రతి వికీలోనూ ఉంటాయి. వాటికి పంపే వికీలోనే ‘ఆఫీసు – ఐడియాలు’ అని పేరు మార్చి తేవడం నా లెక్కన అన్నిటికంటే భద్రం. $:/ తో మొదలయ్యేవి సిస్టమ్ టిడ్లర్లు. అదేమిటో తెలియకపోతే టిక్ తీసేయండి. లేదంటే మీ వికీ పేరు, రంగులు, సెట్టింగులు తెల్లారేసరికి అవతలి వికీవి అయిపోతాయి.

తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్ళకు ఇంకో తలనొప్పి ఉంది. ‘హైదరాబాద్‌లో’ అని టైపు చేసినప్పుడు ద్ పొల్లుకూ లో అక్షరానికీ మధ్య కంటికి కనబడని ఒక అక్షరం పడుతుంది. అది లేకపోతే రెండూ అతుక్కుని ఒత్తుగా మారతాయి. ఆ మాటలోంచి ‘లో’ చెరిపేసి మిగిలినదాన్ని టిడ్లర్ పేరుగా పెట్టారనుకోండి, ఆ కనబడని అక్షరం చివర్లో అలాగే వేలాడుతూ ఉండిపోవచ్చు. తెరమీద చూస్తే ఈ పేరూ, మామూలుగా టైపు చేసిన పేరూ రెండూ ‘హైదరాబాద్’ అనే కనిపిస్తాయి. టిడ్లీవికీకి మాత్రం అవి రెండు వేరు వేరు పేర్లు. అప్పుడు ఒకే పేరుతో రెండు టిడ్లర్లు కనిపిస్తాయి, లేదా బాగా ఉన్న లింకు ఇటాలిక్‌లోకి మారిపోతుంది, అంటే ఆ పేరుతో ఏమీ లేదని. పక్క పట్టీలో ‘మోర్’ కింద ‘మిస్సింగ్’ ట్యాబు చూస్తే ఇలాంటివి బయటపడతాయి. పేరును మొత్తం చెరిపేసి మళ్ళీ టైపు చేయడమే మందు. కళ్ళతో వెతికితే దొరకదు.

టిడ్లర్ ఒక్కటే వస్తుంది, దాని చుట్టాలు రావు. అది వాడుకునే మ్యాక్రోలు (పేరు పెట్టి మళ్ళీ మళ్ళీ వాడుకునే పాఠం ముక్కలు), లోపల చూపించే వేరే టిడ్లర్లు, ప్లగిన్లు (అదనపు సౌకర్యాల మూటలు) విడిగా తెచ్చుకోవాలి. బొమ్మల సంగతి రెండు రకాలు. ఫైలులోనే పొదిగిన బొమ్మలు టిడ్లర్లే కాబట్టి వాటినీ లాగవచ్చు, కాకపోతే అలా పొదిగిన బొమ్మ అసలు సైజు కంటే దాదాపు మూడోవంతు ఎక్కువ బరువుంటుంది. బయట ఫోల్డర్‌లో ఉంచి దారి మాత్రం ఇచ్చినవైతే, ఆ ఫోల్డర్‌ను కూడా కొత్త వికీ పక్కకు కాపీ చేయాలి. లేకపోతే బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ. వెర్షన్లూ చూసుకోండి: 5.3.0లో వచ్చిన ప్రొసీజర్లు (మ్యాక్రోల కొత్త రూపం) రాసుకున్న టిడ్లర్లను అంతకు ముందటి వికీలోకి తెస్తే అవి పనిచేయవు. అందుకునే వికీని ముందు అప్‌గ్రేడ్ చేయడం మేలు.

బుక్‌మార్క్‌లెట్ల దగ్గర కొంచెం అనుమానం మంచిదే. బుక్‌మార్క్‌లో చిరునామాకు బదులు జావాస్క్రిప్ట్ ముక్క ఉంటుంది, క్లిక్ చేస్తే అప్పుడు తెరిచి ఉన్న పేజీలో అది నడుస్తుంది. ఆ పేజీలో మీకు కనిపించేదంతా దానికీ కనిపిస్తుంది. బ్యాంకు ట్యాబు ముందుండగా పొరపాటున నొక్కినా అంతే. ఎవరో ఇచ్చింది బుక్‌మార్క్ బార్‌లో పెట్టే ముందు కోడ్ చదవండి, చదవడం రాకపోతే వచ్చినవాళ్ళకు చూపించండి. వేరే సైటు నుంచి స్క్రిప్ట్ తెచ్చుకుని నడిపే రకమైతే వదిలేయడమే నయం, ఎందుకంటే మీరు చూసిన కోడే రేపూ అక్కడ ఉంటుందన్న హామీ లేదు.

పాత బుక్‌మార్క్‌లెట్లను నమ్మకపోవడానికి మరో కారణం కూడా ఉంది. 5.2.0 నుంచి టిడ్లీవికీ తన సరుకును ఫైలులో దాచే పద్ధతి మారింది. అంతకు ముందు టిడ్లర్లు పేజీలో డివ్‌ల (హెచ్‌టీఎంఎల్ పెట్టెల) వరసగా ఉండేవి, ఇప్పుడు జేసన్‌గా (డేటాను మామూలు పాఠంలా రాసే పద్ధతి) ఒక హెచ్‌టీఎంఎల్ స్క్రిప్ట్ ట్యాగులో ఉంటున్నాయి. ఆ డివ్‌లను వెతుక్కునేలా రాసిన బుక్‌మార్క్‌లెట్‌కు కొత్త వికీలో ఏమీ దొరకదు. దొరికిన పాత వికీలోనైనా చివరిసారి సేవ్ చేసిన పాఠమే వస్తుంది, ఇప్పుడే టైపు చేసింది రాదు. అందుకే పంపే వికీని ముందు సేవ్ చేసి, పేజీ రీలోడ్ చేశాక లాగండి.

పాస్‌వర్డ్ పెట్టిన వికీ నుంచి తెస్తుంటే ఆ తాళం టిడ్లర్‌తో పాటు రాదు. అందుకునే వికీకి పాస్‌వర్డ్ లేకపోతే అక్కడ అది బాహాటంగా ఉన్నట్టే. జేసన్‌గా ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు కూడా డౌన్‌లోడ్స్‌లో మామూలు పాఠంగానే పడి ఉంటుంది. ఆఫీసు కంప్యూటర్‌లో అయితే పని అవగానే దాన్ని తీసేయండి.

ఫోన్‌లో లాగడం కుస్తీ పట్టడమే. అక్కడ జేసన్ ఎక్స్‌పోర్ట్ చేసి, అవతలి వికీలో ఇంపోర్ట్ బటన్‌తో తెచ్చుకోండి.

లాగడమంటే కాపీ చేయడమే, పాత వికీలోది అక్కడే ఉంటుంది. దాన్ని ఆ రోజే చెరిపేయకండి. ‘తరలించినవి’ అని ట్యాగు పెట్టి, మార్పులేవైనా కొత్త వికీలోనే చేస్తూ కొన్ని వారాలు వాడండి. ఇంపోర్ట్ తర్వాత ఏమేం వచ్చాయో టిడ్లీవికీ ఒక జాబితా చూపిస్తుంది. దాన్ని మూసేయకుండా ఒక్కో లింకూ తెరిచి, పట్టికలు, బొమ్మలు, తేదీలు సరిగా ఉన్నాయో చూశాకే పాతవాటి జోలికి వెళ్ళండి.