తుపాను సీజన్‌కి ముందే జనరేటర్ సెల్ఫ్ చూసుకోండి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడ్డాక చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు. మా మందుల షాపు ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంది. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. వెనక చిన్న పెట్రోలు జనరేటర్ ఉందిలే అన్న ధైర్యంతో వెళ్లి తాళం తిప్పాను. టిక్ మంది, అంతే. మళ్లీ తిప్పినా టిక్కే. టెన్షన్‌లో తాళం వదలకుండా అలాగే పట్టుకునేసరికి కాలిన వాసన వచ్చింది. తర్వాత చూస్తే సెల్ఫ్ మోటారు, అంటే తాళం తిప్పగానే ఇంజనును తిప్పి లేపే చిన్న మోటారు, మొదట్లో బాగానే ఉందట. బ్యాటరీ నెగటివ్ నుంచి వచ్చే ఎర్త్ వైరు ఇంజనుకు బిగించిన బోల్టు కింద తుప్పు పట్టింది. ఉప్పుగాలి చేసిన పని అది. గీకి బిగిస్తే ఐదు నిమిషాల్లో పోయేదానికి మోటారు కాల్చుకున్నాను.

అందుకే సెప్టెంబరులోనే ఒక ఆదివారం దీనికోసం పెట్టుకోండి.

వైర్ల జోలికి వెళ్లే ముందు ఇంజను స్పార్క్ ప్లగ్ క్యాప్ లాగేయండి. చేతి ఉంగరం, వాచీ తీసేయండి. బ్యాటరీకి ముందు నెగటివ్ వైరు విప్పాలి, బిగించేటప్పుడు అది చివర. ఈ వరస తప్పితే పానా బాడీకి తగిలి షార్ట్ అవుతుంది. ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దాని దగ్గర అగ్గిపుల్ల గీయకండి.

టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పొడి కనిపిస్తే తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక మెరిసేదాకా రుద్ది, బిగించి పైన వ్యాజిలిన్ రాయండి. ఎర్త్ బోల్టు కిందా అలాగే, పెయింటు ఉంటే గీకేయండి. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే పోయాలి.

తర్వాత బ్యాటరీకి వోల్టులు కొలిచే మీటర్ పెట్టండి. కొన్ని గంటలు ఊరికే ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 కంటే తగ్గితే ఛార్జింగ్ పెట్టండి. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా ఇంకొకరు మీటర్ చూడాలి. ఫుల్ ఛార్జ్ ఉండి కూడా 9.6 కిందికి పడిపోతే ముందు అనుమానించాల్సింది బ్యాటరీనే.

సెల్ఫ్ చేసే చప్పుడే సగం రోగం చెప్పేస్తుంది. టకటకమని గబగబా కొట్టుకుంటే బ్యాటరీ వీక్, లేదా టెర్మినల్ లూజు. మాలాగా ఒక్కసారే టిక్ మంటే రిలే (మోటారుకు కరెంటు వదిలే స్విచ్చి) అందుకుంటోంది కానీ కరెంటు మోటారు దాకా చేరడం లేదు, లేదా మోటారు పట్టేసింది. అప్పుడు మీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజను బాడీ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. సగం వోల్టు దాటితే ఎర్త్ సరిగా లేదు. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, తాళం స్విచ్చి చూడండి. మోటారు జుయ్యిమని తిరుగుతూ ఇంజను కదలకపోతే చిన్న పళ్లచక్రం ఎగిరి పట్టుకోవడం లేదు. అక్కడ దుమ్ము దులిపించండి. గ్రీజు మాత్రం పూయకండి, దానికి ఇంకా దుమ్ము అంటుకుంటుంది.

ఎంత తొందరున్నా ఒక్కోసారి ఐదు సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు. కనీసం పది సెకన్లు ఆగి మళ్లీ కొట్టండి. చిన్న మోటారు వేడి తట్టుకోలేదు.

సెల్ఫ్ బాగానే తిప్పుతున్నా ఇంజను అందుకోకపోతే తప్పు సెల్ఫ్‌ది కాదు. నెలల తరబడి ట్యాంకులో మిగిలిన పెట్రోలు పాడై కార్బ్యురేటర్‌లో జిగురు కడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను కూడా లాగుతుంది. పాతది వంపేసి కొత్తది పోయండి. చేతితో లాగే తాడు ఉన్న మోడల్ అయితే అదీ ఒకసారి లాగి చూసుకోండి.

ఇక ప్రాణాల సంగతి. వాన పడుతోందని జనరేటర్‌ను గదిలో, వరండాలో, సెల్లార్‌లో నడపకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. కిటికీలకు దూరంగా, ఆరుబయట, తడవకుండా గాలి ఆడే పైకప్పు కింద పెట్టండి. ఛేంజోవర్ స్విచ్చి (బయటి లైన్ తెంచి జనరేటర్‌కు మార్చేది) లేకుండా ఇంటి ప్లగ్గులోకి కరెంటు ఇవ్వకండి. అది వెనక్కి లైన్‌లోకి పోతే, బయట వానలో స్తంభమెక్కి మన కోసమే పనిచేస్తున్న లైన్‌మన్‌కు తగులుతుంది.

అన్నీ అయ్యాక నెలకోసారి ఫ్రిజ్ తగిలించి పావుగంట నడపండి. నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.5 దాటి చూపిస్తే ఛార్జింగ్ కూడా అందుతున్నట్టే.