చిన్న విమానం ఎంచుకోవడం – 4వ పాఠం: చలి వేరు, మంచు వేరు

గత మూడు పాఠాల్లో రన్‌వే పొడవు, మోయగల బరువు, ఇంధన ఖర్చు చూసుకుని విమానాల జాబితాను కుదించుకున్నాం. ఆ జాబితా మీ దగ్గరుంటే పక్కన పెట్టుకోండి. ఈ పాఠం పూర్తయ్యేసరికి అందులో కొన్ని పేర్లు కొట్టేయాల్సి రావచ్చు.

చలికాలానికి ఏ విమానం మంచిదని అడిగేవాళ్లను నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీ భయం చలి గురించా, మంచు గురించా? చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. మైనస్ 25 డిగ్రీల చలిలోనైనా ఆకాశం నిర్మలంగా ఉంటే, ఎగురుతున్న విమానం రెక్కకు మంచు పట్టదు. సున్నాకి కాస్త కింద ఉండి, దట్టంగా మబ్బు పట్టిన రోజుదే అసలు టెన్షన్. మబ్బులోని నీటి బిందువులు సున్నా కంటే దిగువన కూడా గడ్డకట్టకుండా నీళ్లుగానే ఉండగలవు. ఏదైనా తగలగానే దాని మీద గడ్డకడతాయి. ఆ తగిలేది మన రెక్క. సున్నా నుంచి మైనస్ 20 దాకా ఈ బెడద ఎక్కువ. మైనస్ 40 కల్లా మబ్బులో నీళ్లనేవే ఉండవు, అంతా మంచు పలుకులే.

కాబట్టి రెండు ప్రశ్నలనూ విడివిడిగా చూద్దాం.

చలికి ఆగే విమానం

ఇది డబ్బుతో తీరే సమస్య. ఇంజిన్ కేసు అల్యూమినియం, లోపల తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఉక్కు. చలికి అల్యూమినియం ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి బేరింగుల దగ్గర ఆయిల్ ఉండాల్సిన సందు తగ్గిపోతుంది. ఆయిల్ కూడా చిక్కబడి ఆ సందులోకి వెంటనే వెళ్లదు. అందుకే ఇంజిన్ రకాన్ని బట్టి మైనస్ 7 లేదా మైనస్ 12 కంటే చల్లగా ఉంటే, స్టార్ట్ చేసేముందు వేడి చేయాలని తయారీదార్లు చెబుతారు. ప్రీహీటర్ బిగించి ఉందా, ఉంటే ఆయిల్ సంపుకు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఒక్కదానికేనా, సిలిండర్లకు కూడా ఉందా అని అడగండి. సంపు ఒక్కటే వెచ్చబడితే సిలిండర్లు ఇంకా చల్లగానే ఉండిపోవచ్చు.

అమ్మేవాళ్లు తమంతట తాము చూపించనిది ఇంకొకటి ఉంది. కౌలింగ్ (ఇంజిన్ మీది తొడుగు) కిందకు వంగి చూస్తే వేలంత లావు గొట్టం ఒకటి వేలాడుతూ కనిపిస్తుంది. ఇంజిన్ కేసులోని ఆవిరి బయటికి పోయే దారి అది. గట్టి చలిలో ఆ ఆవిరిలోని తేమ గొట్టం కొసన గడ్డకట్టి, మెల్లగా దారి మూసేస్తుంది. లోపల ఒత్తిడి పెరిగి, ముందుభాగంలో ఉన్న క్రాంక్‌షాఫ్ట్ సీల్ ఊడి వస్తుంది. ఆ తర్వాత ఆయిల్ మొత్తం బయటికే. దీనికి విరుగుడు చాలా చిన్నది. గొట్టం పైభాగంలో, కౌలింగ్ లోపల వెచ్చగా ఉండే చోట, సన్నటి గంటు పెడతారు. కొస మూసుకుపోయినా ఆవిరి ఆ గంటులోంచి పోతుంది. కొనబోయే విమానంలో అది ఉందో లేదో మెకానిక్‌ను వేలుపెట్టి చూపించమనండి.

కేబిన్ హీటర్ సంగతి. ఒక ఇంజిన్ విమానాల్లో ఎక్కువ భాగం ఎగ్జాస్ట్ మఫ్లర్ చుట్టూ తిరిగి వేడెక్కిన గాలినే లోపలికి పంపుతాయి. మఫ్లర్‌లో పగులుంటే కార్బన్ మోనాక్సైడ్ కూడా ఆ గాలితోనే వస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు, పైగా చలికాలంలో హీటర్ ఆపేదే లేదు. మఫ్లర్‌ను చివరిసారి ఎప్పుడు పరీక్షించారో లాగ్‌బుక్‌లో చూడండి. శబ్దం చేసే డిటెక్టర్ ఒకటి కొనండి, విమానం ఏదైనా సరే.

కార్బ్యురేటర్ (ఇంధనాన్ని గాలిలో కలిపే భాగం) ఉన్న ఇంజినా, ఇంధనాన్ని ఇంజెక్ట్ చేసేదా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. కార్బ్యురేటర్ గొంతులో ఇంధనం ఆవిరయ్యేటప్పుడు ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పడిపోగలదు. అందుకే బయట 15 డిగ్రీలున్న తేమ రోజున కూడా అక్కడ మంచు పేరుకుంటుంది. ఇంజెక్షన్ ఇంజిన్‌కు ఈ బాధ లేదు. అయితే గాలి ఫిల్టర్ మీద మంచు పేరుకుని మూసుకుపోవచ్చు కాబట్టి, దానికి మరో గాలి దారి ఉండాలి.

మంచులోకి వెళ్లే విమానం

రెక్క ముందు అంచు మీద, పైభాగాన గరుకు కాగితమంత మందం, గరుకుతనం ఉన్న మంచు చాలు, లిఫ్ట్ (విమానాన్ని పైకి నిలిపే బలం) 30 శాతం దాకా తగ్గి, డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) 40 శాతం దాకా పెరగగలదు. పైగా అలవాటైన వేగం దగ్గరే, స్టాల్ హెచ్చరిక మోగకముందే విమానం స్టాల్ కావచ్చు, అంటే రెక్క దాన్ని గాలిలో నిలబెట్టలేకపోవచ్చు. తోక రెక్క ముందు అంచు ఇంకా పలచన. పలచటి అంచుకే మంచు త్వరగా పడుతుంది. రెక్క మీద కొద్దిగా కనిపించేసరికి తోక మీద అంతకంటే ఎక్కువే ఉండొచ్చు, కానీ సీట్లోంచి అది కనపడదు. ఫ్లాప్స్ (రెక్క వెనుక అంచున కిందకు దించే పలకలు) దించగానే తోక స్టాలై ముక్కు కిందకు పడిపోయిన ప్రమాదాలున్నాయి.

చిన్న విమానాల్లో మంచును వదిలించే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది రబ్బరు బూట్లు. రెక్క అంచుకు అతికించిన రబ్బరులోకి గాలి కొడితే అది ఉబ్బి, మంచును పగలగొడుతుంది. పైపర్ ఎం350, పిలాటస్ పీసీ-12 ఈ కోవలోవి. పాత విమానం కొంటున్నట్లయితే బూట్లను ఉబ్బించి చూపించమనాలి. అతుకులు, సూది బెజ్జాలు, ఎండకు బీటలు వారిన చోట్లు అప్పుడే బయటపడతాయి. మంచు కాస్త మందంగా పేరుకున్నాకే బూట్లు ఉబ్బించాలని పాత పైలట్లు చెబుతుంటారు. అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్టీఎస్‌బీ 2008లో దీనికి విరుద్ధంగా హెచ్చరించింది: హ్యాండ్‌బుక్ ప్రత్యేకంగా వద్దంటే తప్ప, మంచు వాతావరణంలోకి వెళ్లగానే బూట్లు పనిచేయించాలి.

రెండోది టీకేఎస్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో పుట్టింది. రెక్క అంచున టైటానియం ప్యానెల్‌కు లేజర్‌తో కంటికి ఆనని రంధ్రాలు చేస్తారు. వాటిలోంచి గ్లైకాల్ ద్రవం ఊరి, మంచు అంటుకోకుండా చేస్తుంది. నేల మీద ఉండగానే స్విచ్ వేయించి, ప్యానెల్‌కు ముఖం దగ్గరగా పెట్టి చూడండి. కాసేపటికి చెమట పట్టినట్టు సన్నటి బొట్లు లేచి, ఒకదానితో ఒకటి కలిసి కిందకు జారతాయి. పొడిగా మిగిలిపోయిన మచ్చ కనిపిస్తే అక్కడ రంధ్రాలు పూడుకుపోయాయని అర్థం. నెలల తరబడి వాడకుండా వదిలేసిన వ్యవస్థలో ఇది మామూలే. ద్రవం లీటరు సుమారు 1.1 కిలోలు. 30 లీటర్లు నింపితే 33 కిలోలు మీ బరువు లెక్కలో పోతాయి. రెండో పాఠంలో వేసిన లెక్కను ఇక్కడ సరిచేసుకోండి.

ఇప్పుడు చాలామంది బోల్తాపడే చోటు. రెక్కకు మంచు వదిలించే వ్యవస్థ ఉండటం, మంచులోకి వెళ్లడానికి అనుమతి ఉండటం ఒకటి కాదు. ఆ అనుమతిని పైలట్లు 'ఫికీ' (ఫ్లైట్ ఇన్‌టు నోన్ ఐసింగ్) అంటారు. సిర్రస్ ఎస్ఆర్22నే తీసుకోండి. టీకేఎస్ ఉన్నవి ముందు నుంచీ ఉన్నాయి, ఫికీ అనుమతి వచ్చింది 2009లో. బయటికి రెండూ ఇంచుమించు ఒకలాగే కనిపిస్తాయి. ఫికీ రకంలో నిలువు తోకకు కూడా ప్యానెల్, విండ్‌షీల్డ్ మీదకు ద్రవం చిమ్మే ఏర్పాటు, ఎక్కువ ద్రవం పట్టే ట్యాంకులు ఉంటాయి. అనుమతి లేని రకం పనికిరానిదని నేననను. అనుకోకుండా మంచులో చిక్కుకుంటే బయటపడటానికి అది మంచి సాయం. అయితే ముందే తెలిసిన మంచులోకి దాన్ని నమ్ముకుని బయల్దేరకూడదు. ప్రకటనలో 'టీకేఎస్ ఉంది' అని రాసినంత మాత్రాన ఫికీ ధర ఇవ్వకండి.

ఫికీకీ హద్దులున్నాయి. ఆ పరీక్షల్లో చూసేది మబ్బుల్లోని సన్నటి బిందువులనే, మహా అయితే 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుట్టుపక్కలవి. గడ్డకట్టే తుంపర, గడ్డకట్టే వానలో బిందువులు అంతకంటే ఎన్నో రెట్లు పెద్దవి. అవి ప్యానెల్, బూటు ఉన్న మేర దాటి వెనక్కి పాకి, ఏ రక్షణా లేని చోట గడ్డకడతాయి. 1994 అక్టోబరు 31న అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర ఏటీఆర్-72 కూలి 68 మంది చనిపోయింది ఇలాంటి మంచు వల్లే. అది ఎయిర్‌లైన్ విమానం, బూట్లూ ఉన్నాయి.

ఇక ఇంజిన్ శక్తి. నా దృష్టిలో ద్రవం, బూట్ల కంటే ఇదే ముఖ్యం. మంచు పట్టే పొర 4,000 అడుగుల నుంచి 7,000 దాకా ఉందనుకోండి. ఆ ఎత్తులో నిమిషానికి 300 అడుగులు ఎక్కే విమానానికి దాన్ని దాటడానికి 10 నిమిషాలు పడుతుంది. మంచు పట్టేకొద్దీ ఎక్కే వేగం ఇంకా తగ్గుతుంది కాబట్టి, అసలు దాటకపోవచ్చు కూడా. 1,000 అడుగులు ఎక్కేదానికి 3 నిమిషాలు చాలు. టర్బో ఇంజిన్ (గాలిని ఒత్తిపట్టి లోపలికి పంపేది) పైకెళ్లినా శక్తి నిలబెట్టుకుంటుంది. అందుకే మబ్బుల మీదుగా వెళ్లాలనుకునేవాళ్లు టర్బో ఉన్నదాన్నే చూడాలి.

కాబట్టి జాబితాలో సెస్నా 172, పైపర్ ఆర్చర్ లాంటివి ఉంటే నిక్షేపంగా ఉంచుకోండి, చల్లటి నిర్మలమైన రోజుల కోసం. పలచటి మబ్బు పొరను దాటి వెళ్లాల్సిన అవసరం తరచూ పడితే ఫికీ ఉన్న ఎస్ఆర్22. రెండు ఇంజిన్లు కావాలంటే టీకేఎస్ ఉన్న డైమండ్ డీఏ42. వారం వారం తప్పనిసరి ప్రయాణమైతే టర్బోప్రాప్ (జెట్ తరహా ఇంజిన్‌తో ప్రొపెల్లర్ తిప్పే విమానం) వైపు చూడాలి, లేదంటే టికెట్ కొనుక్కుని ఎయిర్‌లైన్‌లో వెళ్లాలి. రెండోది చవక.

అభ్యాసం

మీ జాబితాలో మొదటి విమానం పైలట్ హ్యాండ్‌బుక్ తెరవండి. రెండో సెక్షన్‌లో, అంటే పరిమితుల్లో, మంచు గురించి ఉన్న వాక్యాన్ని మాటకు మాట నోట్‌బుక్‌లో రాసుకోండి. తొమ్మిదో సెక్షన్‌లో మంచు వ్యవస్థ అనుబంధం ఉందా? ఉంటే కనీసం ఎంత ద్రవంతో బయల్దేరాలో, మంచులో ఏ వేగం కంటే తగ్గకూడదో రాయండి. అయిదో సెక్షన్‌లో 6,000 అడుగుల దగ్గర, పూర్తి బరువుతో ఎక్కే వేగం తీసుకుని, పైన వేసిన 3,000 అడుగుల లెక్క మళ్లీ వేయండి. 5 నిమిషాలు దాటితే ఆ పేరు పక్కన 'నిర్మలమైన రోజులకే' అని రాయండి. ఇది నేను పెట్టుకున్న గీత, హ్యాండ్‌బుక్‌లో ఉండదు.

తర్వాత నిజం విమానం దగ్గరకు వెళ్లినప్పుడు గ్లవ్స్ తీసి రెక్క పైభాగాన్ని చేత్తో తడమండి. పారదర్శకమైన మంచు కంటికి తడిలాగే కనిపిస్తుంది, వేళ్లకే తెలుస్తుంది. హై వింగ్ (రెక్క కేబిన్ పైన ఉండే) విమానమైతే నిచ్చెన కావాలి. అది లేకుండా రెక్క పైన ఎలా చూస్తారో అమ్మేవాళ్లను అడగండి.

5వ పాఠంలో లాగ్‌బుక్ చదవడం నేర్చుకుందాం.