రేషన్ బియ్యం నుంచి జెనీవా దాకా: ఆహార హక్కు అమలును పరిశీలించడం ఎలా?

ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులను ఒక దేశం ఎంతవరకు నిలబెడుతున్నదో చూడాలనుకునే బృందం అన్ని హక్కులనూ ఒకేసారి నెత్తికెత్తుకోకూడదు. ఒక్కదాన్ని ఎంచుకుని, దాన్ని చట్టం నుంచి కంచం వరకు వెంబడించాలి. ఇక్కడ భారతదేశంలోని ఆహార హక్కును తీసుకుందాం.

మొదట, ఇచ్చిన మాట ఏమిటో రాసిపెట్టుకోవాలి. ఐక్యరాజ్యసమితి 1966లో ఆమోదించిన ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలో భారత్ 1979 ఏప్రిల్ 10న చేరింది. దాని 11వ అధికరణం తగినంత ఆహారాన్ని హక్కుగా గుర్తిస్తుంది. 2వ అధికరణం మాత్రం అందుబాటులో ఉన్న వనరులను గరిష్ఠంగా వినియోగిస్తూ హక్కులను క్రమక్రమంగా సాధించాలంటుంది. 'క్రమక్రమంగా' అన్న మాట వాయిదాలకు చక్కని ఆసరా. అయితే ఒడంబడిక అమలును పరిశీలించే, జెనీవాలో సమావేశమయ్యే 18 మంది సభ్యుల కమిటీ 1990లో వెలువరించిన మూడవ సాధారణ వ్యాఖ్యలో (ఒడంబడికకు అర్థం చెప్పే వివరణలో), కనీస స్థాయి బాధ్యతల నుంచి ఏ రాజ్యమూ తప్పుకోజాలదని, తెలిసి వెనకడుగు వేస్తే కారణం చూపవలసింది రాజ్యమేనని చెప్పింది. అందువల్ల పరిశీలకులు అడగవలసిన ప్రశ్నలు మూడు: పరిస్థితి మునుపటికన్నా మెరుగుపడిందా, ఉన్న డబ్బుతో ఇంతకన్నా చేయగలిగేవారా, ఎవరిని వదిలేశారు?

తరువాత 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం చదవాలి. గ్రామీణ జనాభాలో 75 శాతం వరకు, పట్టణ జనాభాలో 50 శాతం వరకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం, అత్యంత పేదదిగా గుర్తించిన అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు, గర్భిణులకు 6,000 రూపాయలకు తగ్గని ప్రసూతి సాయం అందులోని హామీలు. ప్రతి హామీ పక్కనా అమలులో ఉన్న పథకాన్ని పెట్టి చూస్తే తేడాలు బయటపడతాయి. ఉదాహరణకు, ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకు ఇచ్చేది 5,000 రూపాయలే. ఆసుపత్రి కాన్పుకు ఇచ్చే జననీ సురక్షా యోజన సొమ్ముతో కలిపితే సగటున 6,000 అవుతుందన్నది ప్రభుత్వం చెప్పే లెక్క. ఆ రెండో పథకం చట్టానికి ముందునుంచే ఉన్నదని నివేదికలో తప్పక రాయాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది శాతం కింద ఉన్న హారాన్ని. చట్టం కిందికి వచ్చే సుమారు 81.35 కోట్ల మంది అన్న సంఖ్య 2011 జనగణన నుంచి తేల్చినది. జనాభా పెరిగినా హారం మారలేదు కనుక, కార్డుదారులలో 95 శాతం మందికి బియ్యం అందాయని అధికారులు చెప్పినప్పుడు అది నిజమే కావచ్చు. కార్డే లేని కుటుంబం మాత్రం ఆ లెక్కలో ఎక్కడా కనిపించదు. మీ జాబితా డీలరు రిజిస్టరు నుంచి కాక, ఇంటింటి సర్వే నుంచి మొదలు కావాలని చెప్పడం ఇందుకే.

ఫలితాల కోసం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఉంది. అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగిన ఎత్తు లేనివారు నాలుగో సర్వే నాటికి 38.4 శాతం ఉండగా, 2019–21 నాటి అయిదో సర్వేలో 35.5 శాతానికి తగ్గారు. అదే కాలంలో తెలంగాణలో మాత్రం సుమారు 28 నుంచి 33 శాతానికి పెరిగారు. జాతీయ సగటు చూసి తృప్తిపడేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. అయినా దీన్ని రేషన్ వ్యవస్థ వైఫల్యంగా తీర్మానించడం తొందరపాటే, ఎందుకంటే తాగునీరు, పారిశుద్ధ్యం, తల్లి ఆరోగ్యం కూడా పిల్లల ఎదుగుదలను నిర్ణయిస్తాయి. కులం, తెగ, తల్లి చదువు వారీగా అంకెలను విడదీసి చూడాలి. జిల్లా స్థాయిలో నమూనా చిన్నది కనుక ఒకటి రెండు శాతాల తేడాపై వాదన కట్టకూడదు.

డబ్బు విషయంలో బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు మూడింటినీ ధరల పెరుగుదలతో సరిచూసి, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదికలతో పోల్చితే సరిపోతుంది.

ఇక ఊళ్లోకి వెళ్లాలి. చట్టంలోని 27వ సెక్షన్ ప్రజాపంపిణీ రికార్డులు బహిరంగంగా ఉండాలంటుంది, 28వ సెక్షన్ సామాజిక తనిఖీ, అంటే పథకం అమలును ప్రజల సమక్షంలో సరిచూడటం, జరపాలంటుంది. ఉపాధి హామీ పథకంలో 2006 నుంచే సామాజిక తనిఖీ నడిపిన అనుభవం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఉంది కనుక, మన గ్రామాలకు ఈ పని కొత్త కాదు. కూలిజనం ఇళ్లకు చేరే సాయంత్రం వేళ వెళ్లండి. "బియ్యం వస్తున్నాయా అమ్మా?" అని అడిగితే "వస్తున్నాయి" అన్న జవాబే వస్తుంది. పోయిన నెల ఎన్ని కిలోలు ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు, వేలిముద్ర పడక ఎన్నిసార్లు తిరిగారు అని అడగండి. పేర్లు మాత్రం రాయవద్దు. వచ్చే నెల ఆమె ఆ డీలరు దగ్గరికే వెళ్లాలి.

తేలిన విషయాలను మొదట జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి, ఆపైన రాష్ట్ర ఆహార కమిషన్‌కు పంపాలి. ఒడంబడిక కమిటీ 2008 మేలో భారత్ నివేదికలను పరిశీలించి, తరువాతి నివేదికకు 2011 జూన్ 30 గడువు పెట్టింది. వ్యక్తిగత ఫిర్యాదులకు వీలిచ్చే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో భారత్ చేరలేదు కనుక, జెనీవాలో ప్రజాసంఘాలకు మిగిలిన ముఖ్య మార్గాలు ప్రభుత్వ నివేదికకు తోడుగా తమ సొంత సమాంతర నివేదికను కమిటీకి పంపడం, ప్రతి దేశపు హక్కుల స్థితిపై మానవ హక్కుల మండలి వంతులవారీగా జరిపే సార్వత్రిక ఆవర్తన సమీక్షకు సమాచారం అందించడం. భారత్‌పై ఆ సమీక్ష 2008, 2012, 2017, 2022లలో జరిగింది. మీరు పంపే ప్రతి అంశానికీ ఒడంబడిక అధికరణం, చట్టంలోని సెక్షన్, సేకరించిన నెల జతచేసి ఉంచుకుంటే, సమీక్ష ఎప్పుడు వచ్చినా అదే దస్త్రం పనికివస్తుంది.