కెనడాలో మీ పాపను రింగెట్‌లో చేర్చాలంటే ఎలా?

కెనడా వచ్చాక పిల్లల్ని ఏదో ఒక ఆటలో వేయాలనగానే మన వాళ్లకు స్విమ్మింగ్, సాకర్, బ్యాడ్మింటన్ గుర్తొస్తాయి. మంచు మీద ఆట అంటే హాకీ ఒక్కటే అనుకుని, దెబ్బలు తగులుతాయనో ఖర్చు ఎక్కువనో అక్కడితో వదిలేస్తారు. రింగెట్ అని ఇంకొకటి ఉందని స్కూల్లో పాప ఫ్రెండ్ ఎవరైనా ఆడుతుంటే తప్ప తెలియదు. స్కేటింగ్ అసలు రాని పిల్ల కూడా టీంలో కలిసిపోగల ఆట ఇది, అందుకే మన తెలుగు ఇళ్లకు దీని గురించి గట్టిగా చెప్పాలనిపిస్తోంది.

ముందు ఆట సంగతి. 1963లో ఒంటారియోలోని నార్త్ బేలో శామ్ జాక్స్ అనే ఆయన అమ్మాయిల కోసమే దీన్ని తయారుచేశారు, ఎస్పనోలాలో రెడ్ మెకార్తీ నియమాలకు ఒక రూపం తెచ్చారు. ఇప్పుడు కెనడాతో పాటు ఫిన్‌లాండ్‌లో కూడా బాగా ఆడతారు, అంతర్జాతీయ పోటీల్లో ఈ రెండు దేశాలే అసలు ప్రత్యర్థులు. టీంకు ఐదుగురు స్కేటర్లు, గోల్ కాపాడే ఒక గోలీ. హాకీలో ఉండే పక్ అనే గుండ్రటి బిళ్ల బదులు మధ్యలో ఖాళీ ఉన్న నీలం రబ్బరు రింగు ఉంటుంది. స్టిక్ చివర వంపు ఉండదు, నిటారు కర్రే. దాని మొనను రింగు మధ్యలో ఆనించి లాక్కెళ్లడం, విసరడం. కావాలని ఒంటితో గుద్దడం ఇందులో నిషేధం.

నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఇంకొకటుంది. రింకు, అంటే ఆడే మంచు మైదానం మీద రెండు నీలి గీతలుంటాయి, రింగు ఎవరి దగ్గరుందో ఆ అమ్మాయి దాన్ని తనే తీసుకుని గీత దాటకూడదు, అవతల ఉన్న తన టీం అమ్మాయికి పాస్ ఇవ్వాల్సిందే. అంటే ఎంత స్పీడుగా స్కేట్ చేసే పిల్లయినా ఒక్కతే ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకెళ్లిపోలేదు, కొత్తగా వచ్చిన పిల్లకూ రింగు అందుతుంది. చాలా ఆటల్లో బెరుకుగా ఉండే పిల్లలు సీజనంతా బంతి ముట్టుకోకుండానే గడిపేస్తారు, ఇక్కడ ఆ అవకాశం తక్కువ. మరీ చిన్నపిల్లలకు నియమాలు సడలించి, రింకులో కొంత భాగంలోనే ఆడిస్తారు.

మొదట చేయాల్సింది: ఫ్రీగా ఒకసారి ఆడించి చూడండి

రిజిస్ట్రేషన్ డబ్బు అప్పుడే కట్టేయకండి. చాలా క్లబ్బులు ‘కమ్ ట్రై రింగెట్’ పేరుతో కొత్త పిల్లల కోసం ఒక సెషన్ పెడతాయి, స్టిక్ వాళ్లే ఇస్తారు, కొన్నిచోట్ల హెల్మెట్, ప్యాడ్లు కూడా అప్పుగా ఇస్తారు. మీ ఊరి క్లబ్ ఏదో తెలియాలంటే రింగెట్ కెనడా వెబ్‌సైట్‌లో కానీ, మీ ప్రావిన్స్ సంఘం సైట్‌లో కానీ చూడొచ్చు. ఆ రోజు పాప బాగా ఆడిందా అన్నది పట్టించుకోకండి. బయటికొచ్చాక మళ్లీ ఎప్పుడు అని అడిగిందా లేదా, అంతే చూడండి.

వయసు లెక్క ఆ సీజన్‌లో డిసెంబర్ 31 నాటికి ఎన్నేళ్లు అన్నదాన్ని బట్టి, గ్రూపులు అండర్ 8, అండర్ 10, అండర్ 12 అలా పైకి వెళ్తాయి. సీజన్ శరదృతువులో మొదలై మార్చి దాకా సాగుతుంది, పేర్లు నమోదు చేసుకోవడం మాత్రం వేసవికి ముందే మొదలవుతుంది. సెప్టెంబర్‌లో చూసుకుందాంలే అనుకుంటే సీట్లు నిండిపోవచ్చు.

స్కేటింగ్

రింగెట్ క్లబ్‌లో స్కేటింగ్ కూడా నేర్పుతారు, నిజమే. కానీ సీజన్‌కు రెండు మూడు నెలల ముందు నుంచి మంచు మీద నిలబడటం అలవాటైతే పాపకు సగం టెన్షన్ తగ్గుతుంది. స్కేట్ కెనడా వాళ్ల ‘కెన్‌స్కేట్’ క్లాసులు చాలా ఊళ్లలో ఉన్నాయి, సిటీ అరీనాల్లో పబ్లిక్ స్కేటింగ్ వేళలూ ఉంటాయి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో రోలర్ స్కేటింగ్ నేర్చుకుని వచ్చిన పిల్లలకు బ్యాలెన్స్ తొందరగా వస్తుంది, ఆగడం మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. అక్కడ రబ్బరు బ్రేకు ఉంటుంది, ఇక్కడ బ్లేడును పక్కకు తోసి మంచును గీరుతూ ఆగాలి.

ఇంట్లో కార్పెట్ మీదే ఒకటి నేర్పేయొచ్చు, పడి లేవడం. పడగానే బోర్లా తిరిగి మోకాళ్ల మీదికి రావాలి, ఒక పాదం ముందుకు వేయాలి, రెండు చేతులూ ఆ మోకాలి మీద ఆనించి లేవాలి. వేళ్లు చాపి మంచు మీద పెట్టకూడదని ముందే చెప్పండి, పక్కనే వేరే పిల్లల బ్లేడ్లు వెళ్తుంటాయి కాబట్టి పిడికిలి బిగించుకోవాలి. పడిన ప్రతిసారీ మీరు గ్లాసు అవతల నుంచి ‘అయ్యో’ అని లేవకండి, పాప మీ ముఖం చూసే ఏడుపు మొదలుపెడుతుంది.

సామాను కొనడం

మన వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పిల్లలు ఎదుగుతారు కదా అని బట్టలు, బూట్లు ఒక సైజు పెద్దవి కొనడం మనకు అలవాటు. స్కేట్ల విషయంలో ఆ పని అస్సలు చేయొద్దు. పెద్ద స్కేటులో మడమ కదులుతూ ఉంటుంది, చీలమండ లోపలికి వాలిపోతుంది, పిల్ల ఎంత కష్టపడినా నిలబడలేదు, పైగా తనకు చేతకాదనుకుంటుంది. హాకీ స్కేట్లు మామూలు బూటు సైజు కన్నా ఒకటి, ఒకటిన్నర తక్కువే సరిపోతాయి. లేసులు వదులు చేసి కాలు దూర్చి, మడమను వెనక్కి తన్నిపెట్టమనండి, నిలబడితే బొటనవేలు ముందు భాగానికి తగిలీ తగలనట్టు ఉండాలి. లోపల ఒక్క పల్చటి సాక్స్ చాలు, చలని రెండు ఉన్ని సాక్సులు వేస్తే కాలు ఇరుకై ఇంకా చల్లబడుతుంది. ఇంకో మాట, కొత్త స్కేట్లకు కొట్లోంచి వచ్చినప్పుడు పదును ఉండదు. పదును పట్టించకుండా రింకుకు తీసుకెళ్తే పిల్ల జారుతూనే ఉంటుంది.

హెల్మెట్‌కు సీఎస్ఏ (కెనడా ప్రమాణాల సంస్థ) ముద్ర ఉండాలి, దాని ముందు వచ్చే మాస్క్ రింగెట్‌కు పనికొచ్చేదే అయ్యుండాలి. హాకీ మాస్కుల్లో కొన్నిటికి గళ్లు వెడల్పుగా ఉంటాయి, రింగెట్ స్టిక్ మొన అందులోంచి దూరిపోగలదు. అన్నయ్య పాత హాకీ హెల్మెట్ ఇంట్లో ఉంటే క్లబ్ వాళ్లకు చూపించి అడిగాకే వాడండి. ఇవి కాక మెడకు నెక్ గార్డ్, మోచేతి ప్యాడ్లు, మోకాలు-పిక్కల గార్డులు, నడుముకు గర్డిల్ (ప్యాడ్లున్న లోపలి నిక్కరు), దాని మీద పొడుగు ప్యాంటు, గ్లవ్స్ కావాలి. అన్నీ కొత్తవి కొనక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతాయి, క్లబ్బులో పెద్ద పిల్లల తల్లిదండ్రులు పొట్టైపోయినవి ఇచ్చేస్తుంటారు. హెల్మెట్ ఒక్కటీ పగుళ్లు లేనిది, చరిత్ర తెలిసినది తీసుకోండి. ఫీజు భారమైతే జంప్‌స్టార్ట్, కిడ్‌స్పోర్ట్ లాంటి సంస్థలు పిల్లల ఆటలకు సాయం చేస్తాయి, అవి అందుకే ఉన్నాయి, అడగడానికి మొహమాటపడకండి.

డ్రెస్సింగ్ రూమ్

మొదటి రోజు అరగంట ముందు వెళ్లినా చాలదు, ఇంకాస్త ముందే వెళ్లండి. ఒక వరుసలో వేస్తే తేలిక: ఒంటికి అతుక్కునే లోపలి బట్టలు, గర్డిల్, పిక్కల గార్డులు, ప్యాంటు, స్కేట్లు, ఆ తర్వాత పైభాగం ప్యాడ్లు, నెక్ గార్డ్, జెర్సీ, చివర్లో హెల్మెట్, గ్లవ్స్. స్కేట్లు ముందే ఎందుకంటే పైన ప్యాడ్లు వేసుకున్నాక పిల్ల వంగలేదు. లేసు వేళ్ల దగ్గర కాస్త వదులుగా, చీలమండ వంపు దగ్గర గట్టిగా బిగించాలి.

నగలు మొత్తం ఇంట్లోనే తీసేయండి. కమ్మలు, గాజులు, మెళ్లో గొలుసు సరే, చాలామంది మర్చిపోయేది కాలి పట్టీలు. స్కేటు లోపల పట్టీ నొక్కుకుపోయి చర్మం ఒరుసుకుంటుంది, ఎందుకు నొప్పో పాప చెప్పలేదు, ఆట మీద విసుగు వచ్చిందేమో అని మీరనుకుంటారు. నడినెత్తిన పోనీటెయిల్ వేస్తే హెల్మెట్ పట్టదు, మెడ దగ్గర నుంచి కిందికి ఒక జడ వేయండి. ఆటకు గంటన్నర ముందు తినడానికి అరటిపండో, చిన్న ఇడ్లీనో చాలు, కడుపునిండా పెరుగన్నం పెట్టి మంచు మీదికి పంపితే నిద్ర కళ్లతో ఆడుతుంది.

రింకు అంచున మీరు

అక్కడి కోచ్‌లు, మేనేజర్లు చాలావరకు వాలంటీర్లే, మీలాంటి తల్లిదండ్రులే. చాలా క్లబ్బులు ప్రతి కుటుంబం కొన్ని గంటలు పని చేయాలని అడుగుతాయి. గడియారం చూసుకోవడమో, స్కోర్ రాయడమో తీసుకుంటే మీకు నియమాలు కూడా అర్థమవుతాయి. అమ్మమ్మో నానమ్మో ఇండియా నుంచి వచ్చి ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి, కాకపోతే రింకు లోపల బాగా చలిగా ఉంటుంది, శాలువా, కూర్చోవడానికి మందపాటి దుప్పటి కారులో పెట్టుకోండి.

ఆట నడుస్తుండగా పైనుంచి ‘ముందుకు పో, కొట్టు’ అని తెలుగులో అరవకండి. కోచ్ పాస్ ఇవ్వమంటారు, నాన్న కొట్టమంటాడు, పిల్ల నడిమధ్యలో ఆగిపోయి ఇద్దరి వైపూ చూస్తుంది. ఇంటికెళ్లేటప్పుడు ఎన్ని గోల్స్ అని కాకుండా ఇవాళ ఎవరికి పాస్ ఇచ్చావు అని అడగండి, కారు దిగేదాకా చెబుతూనే ఉంటుంది.

ఇంటికి రాగానే బ్లేడ్లు గుడ్డతో తుడవాలి, లేకపోతే తుప్పు పడతాయి. బ్యాగ్ జిప్ తెరిచి అన్నీ బయట ఆరేయండి, ఒక్క రాత్రి మూసి ఉంచితే ఆ వాసన గ్యారేజ్ వదలదు. వారం మధ్యలో ప్రాక్టీసుకు బేస్‌మెంట్‌లో ఒక రింగు, స్టిక్ చాలు, గోడకు రెండు టేపు ముక్కలంటించి గోల్ పెట్టండి. కొన్ని వారాల తర్వాత కోచ్ ఎవరు గోలీగా నిలబడతారని అడుగుతారు, గోలీ ప్యాడ్లు చాలాచోట్ల క్లబ్బే ఇస్తుంది కాబట్టి మీకు అదనపు ఖర్చు ఉండకపోవచ్చు. పాప చెయ్యెత్తితే ఒక్క ఆట నిలబడనివ్వండి.