నెలలు నిండని బిడ్డ ఎన్‌ఐసీయూలో ఉంటే అమ్మానాన్నలు చేయాల్సిన పనులు

బిడ్డను ఎన్‌ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఇంటెన్సివ్ కేర్ గదిలో, బాక్సులో (ఇంక్యుబేటర్‌లో) పెట్టారనగానే ఇంటిల్లిపాదీ బయట కుర్చీల్లో చేరి, లోపలినుంచి కబురు ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. అలా గడిచిపోయే మొదటి గంటలే పాల విషయంలో చాలా విలువైనవి. వెంటిలేటర్, సీప్యాప్ (ముక్కు ద్వారా గాలి ఒత్తిడితో శ్వాసకు సాయం చేసే పరికరం), మందులు డాక్టర్లు, సిస్టర్లు చూసుకుంటారు. తల్లిపాలు, ఒంటి వెచ్చదనం మాత్రం మీరే ఇవ్వాలి.

మొదట పాల సంగతి. కాన్పైన గంటలోపు, కుదరకపోతే ఆరు గంటలలోపు పాలు పిండటం మొదలుపెట్టాలి. సిజేరియన్ అయినా పడుకునే చేయొచ్చు. మొదటి రెండు మూడు రోజులు పంపు కన్నా చెయ్యే నయం, ఎందుకంటే చిక్కటి ముర్రుపాలు పంపు గొట్టాలకే అంటుకుపోతాయి. బొటనవేలు ఒకవైపు, చూపుడువేలు ఎదురువైపు, చనుమొనకు రెండు మూడు సెంటీమీటర్ల వెనక ఉంచండి. ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత వేళ్లు రెండూ దగ్గరికి తెచ్చి వదలండి. చర్మం మీద వేళ్లు జార్చకూడదు, చనుమొనను లాగకూడదు. ఒకవైపు ధార తగ్గగానే రెండోవైపుకు మారి, మళ్లీ మొదటివైపుకు రండి. మొత్తం పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది.

ఇలా రోజుకు ఎనిమిది నుంచి పదిసార్లు చేయాలి. రాత్రి ఒక్కసారైనా తప్పనిసరి, ఎందుకంటే పాలు ఊరించే హార్మోన్ రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది. ఎక్కువమందికి తేడా వచ్చేది ఇక్కడే. బాలింతను నిద్ర లేపొద్దని పెద్దవాళ్లు అంటారు, పది రోజులకల్లా పాలు తగ్గిపోతాయి. మొదటిరోజు నాలుగైదు మిల్లీలీటర్లే వస్తే ‘పాలు పడలేదు’ అని మానేయకండి. ఆ రోజు బిడ్డకు పట్టే పాలు కూడా కొద్దిగానే. సిరంజిలోకి తీసిన కొన్ని చుక్కలను సిస్టర్లు బిడ్డ బుగ్గల లోపల రాస్తారు. పాలు పూర్తిస్థాయికి వచ్చాక కూడా 1.2 కిలోల బిడ్డ తాగేది రోజుకు సుమారు 180 మిల్లీలీటర్లు, అంటే రెండు గంటలకోసారి 15. అయినా రెండో వారం చివరికి రోజుకు అర లీటరు వచ్చేలా చూసుకోండి, బిడ్డ పెరిగేకొద్దీ అక్కరకొస్తాయి. పథ్యం పేరుతో నీళ్లు తగ్గించడం మాత్రం వద్దు. దాహం వేసినప్పుడల్లా తాగాలి, మూడు పూటలా తినాలి.

ఆసుపత్రి ఇచ్చిన సీసా మీద ప్లాస్టర్ అంటించి తల్లి పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు), తేదీ, టైము రాయండి. 25 డిగ్రీల గదిలో పాలు నాలుగు గంటలు ఆగుతాయి. మన ఎండాకాలం గదుల్లో ఆ లెక్క పనికిరాదు, పిండగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. డోర్‌లో కాదు, లోపల వెనకవైపు. ఎన్ని గంటలు ఉంచొచ్చో మీ యూనిట్ నియమం అడిగి పాటించండి. తల్లి ఒక ఆసుపత్రిలో, బిడ్డ మరోచోట ఉంటే ఐస్ ప్యాకుల డబ్బాలో పంపండి. స్టవ్ మీద, మైక్రోవేవ్‌లో వేడి చేయకూడదు. పాలు చాలకపోతే పాల బ్యాంకు ఉందా అని అడగండి, హైదరాబాద్ నిలోఫర్‌లో ఉంది. తల్లిపాలలో పొడి కలుపుతున్నారంటే మీ పాలు మంచివి కావని కాదు. చిన్న బిడ్డ ఎముకలకు కావాల్సిన కాల్షియం, ఫాస్ఫరస్, పెరగడానికి కావాల్సిన ప్రొటీన్ అదనంగా అందించడానికే అది.

రెండోది కంగారూ కేర్, అంటే బిడ్డను ఒంటికి హత్తుకుని ఉంచడం. 1978లో కొలంబియాలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో మొదలైన పద్ధతి ఇది. భారత్‌తో సహా ఐదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, 1 నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలను కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఇలా ఉంచితే మరణాలు పాతిక శాతం తగ్గాయి. కాబట్టి ‘ఎప్పుడు మొదలుపెడదాం?’ అని మీరే అడగండి. సీప్యాప్ మీద ఉన్న బిడ్డకు కూడా చాలాచోట్ల చేయిస్తారు.

ముందు బటన్లున్న నైటీ లేదా చొక్కా వేసుకోండి. సెంటు, పౌడరు వద్దు. మంగళసూత్రం, నల్లపూసలు పక్కకు తీయండి, బిడ్డ పలుచటి చర్మం మీద గంటసేపు ఒత్తుకుంటే అచ్చులు పడతాయి. బిడ్డకు డైపర్, టోపీ, మేజోళ్లు చాలు. ఛాతీ మీద నిలువుగా, కాళ్లు కప్పలా మడిచి, తల ఒక పక్కకు తిప్పి, గడ్డం ఛాతీకి ఆనకుండా కొద్దిగా పైకి ఉంచాలి. మెడ వంగితే శ్వాస అడ్డుతుంది. కనీసం గంటసేపు కదపకండి, ఎందుకంటే తీసి పెట్టడంలోనే బిడ్డ అలసిపోతుంది. నాన్న ఛాతీ కూడా అంతే వెచ్చగా ఉంటుంది, తల్లి పాలు పిండే వేళ ఆయన కూర్చోవచ్చు. అసలు లక్ష్యం రోజుకు ఎనిమిది గంటల పైనే. ఎత్తుకోవడం కుదరని రోజున ఒక అరచేయి తల మీద, ఒకటి పాదాల మీద ఆనించి ఊరకే ఉంచండి. వేళ్లతో నిమరకండి, అది చిన్న బిడ్డకు చిరాకు.

లోపలికి వెళ్లే ముందు ఉంగరాలు, గాజులు, వాచీ, చేతి తాళ్లు తీసేసి మోచేతుల దాకా సబ్బుతో కడగాలి. ఒక నిమిషం పడుతుంది. ఫోన్ ముట్టుకుంటే మళ్లీ శానిటైజర్. జలుబున్నవాళ్లు ఆగిపోవాలి, అమ్మమ్మైనా సరే.

మానిటర్ చూసి గుండెలు బాదుకోవద్దు. ఆక్సిజన్ మీదున్న బిడ్డకు రక్తంలో ఆక్సిజన్ 90 నుంచి 95 శాతం ఉంటే చాలు. 100 రావాలని పట్టుబట్టకండి, ఆక్సిజన్ ఎక్కువైతే కంటి లోపలి రెటీనా రక్తనాళాలు దెబ్బతింటాయి. అలారం చాలాసార్లు కాలికి కట్టిన ప్రోబ్ (ఆక్సిజన్ కొలిచే సెన్సర్) జారితేనే మోగుతుంది. అది మోగితే బిడ్డ రంగు చూడండి. నీలంగా ఉన్నా, శ్వాస ఆగినట్టున్నా సిస్టర్‌ను పిలవండి.

డాక్టర్‌తో మాట్లాడే టైములో ఎప్పుడూ ఒకరే వెళ్లి, నోటుబుక్కులో రాసుకోండి: బరువు, ఆక్సిజన్ శాతం, ఒక్కో ఫీడ్ ఎన్ని మిల్లీలీటర్లు, కొత్త మందు ఏదైనా ఉంటే ఎందుకు. మొదటి వారం బరువు పది పదిహేను శాతం దాకా తగ్గుతుంది, రెండు వారాలకు తిరిగొస్తుంది. ఆ తర్వాత రోజుకు కిలోకు 15, 20 గ్రాములు పెరగాలి. చప్పరించడం, మింగడం, శ్వాస తీసుకోవడం కలిసి కుదిరేది గర్భం నుంచి లెక్కేస్తే సుమారు 34 వారాలకు. అప్పటిదాకా ట్యూబు, ఉగ్గుగిన్నె. తొందరపెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఖర్చు విషయానికొస్తే, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తాయేమో చేరిన రోజే ఆసుపత్రిలో ఈ పథకాల సహాయకులైన ఆరోగ్యమిత్రను అడగండి. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంటే బిడ్డ పుట్టిన సంగతి వెంటనే హెచ్‌ఆర్‌కు చెప్పాలి. బిల్లు రోజువారీగా తీసుకోండి.

34 వారాలలోపు లేదా రెండు కిలోలలోపు పుట్టిన బిడ్డకు కంటి రెటీనా పరీక్ష 30 రోజులలోపు జరగాలి. 28 వారాలలోపు లేదా 1.2 కిలోలలోపైతే ఇంకా ముందే, రెండు మూడు వారాలకు. ఈలోగా ఇంటికి పంపేస్తే తేదీ మర్చిపోయే ప్రమాదం ఎక్కువ, గడువు దాటితే చూపు తిరిగి రాకపోవచ్చు. డిశ్చార్జి కాగితం మీద ఆ తేదీ, వినికిడి పరీక్ష తేదీ లేనిదే కదలకండి. టీకాలు పుట్టిన తేదీ ప్రకారం వేయించాలి. ఎదుగుదలను మాత్రం కాన్పుకు ముందు డాక్టర్లు ఇచ్చిన డెలివరీ డేట్ నుంచి లెక్కించాలి.

ఇంటికొచ్చాక సాంబ్రాణి పొగ, వస, తేనె, చెవుల్లో ముక్కులో నూనె ఏవీ వద్దు. బారసాల జనాన్ని కొన్నాళ్లు వాయిదా వేయండి. పాదాలు చల్లగా ఉంటే వెంటనే ఒంటికి హత్తుకోండి. అరగంటకూ వెచ్చబడకపోయినా, పాలు తాగకపోయినా, ఆకుపచ్చగా కక్కినా, పొట్ట ఉబ్బినా, శ్వాస ఆగి ఆగి వస్తున్నా తెల్లారేదాకా చూడకుండా 108కి ఫోన్ చేయండి. బయల్దేరేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ వెంట తీసుకెళ్లండి.