ఆన్‌లైన్ జాబ్ మేళాకి వెళ్తున్న ఏఐ జూనియర్లకి

నా మొదటి వర్చువల్ జాబ్ మేళా గుంటూరులో మా ఇంటి వెనక గదిలో జరిగింది. పైన ఇస్త్రీ చొక్కా, కింద పాత లుంగీ. స్టాళ్లన్నీ తిరిగేద్దామనుకున్నా. మూడో దాని క్యూలోనే గంట పోయింది. అందుకని నాలుగు కంపెనీలు ఎంచుకోండి, చాలు. వాళ్ల ఉద్యోగ ప్రకటనలు ముందు రోజే చదవండి. డేటా ఇంజనీర్ (డేటాని పోగేసి, సర్ది అందించే మనిషి) కోసం వచ్చినవాళ్ల దగ్గర న్యూరల్ నెట్‌వర్కుల (ఏఐ మోడళ్లలో ఒక రకం) గురించి ఊదరగొడితే మర్యాదగా నవ్వి పంపేస్తారు.

స్టాల్‌లో కంపెనీ మనిషి దొరికేది పది నిమిషాలు. కాబట్టి ఒక్క ప్రాజెక్టే చెప్పండి. నాది మిరపాకు ఫొటో చూసి తెగులుందో లేదో చెప్పే మోడల్. "అక్యురసీ 90 శాతమండీ" అన్నా గొప్పగా, అంటే నూటికి తొంభై సరిగ్గా చెప్తుందని. "మీ ఫొటోల్లో మంచి ఆకులెన్ని?" అని అడిగారు స్టాల్‌లో ఉన్నావిడ. వెయ్యింటిలో 900. అంటే కళ్లు మూసుకుని ప్రతి ఆకునీ 'బాగుంది' అన్నా 90 వస్తుంది! చెమటలు పట్టాయి. తెగులున్న ఆకుల్లో ఎన్నిటిని పట్టుకుందో, అదే రీకాల్, లెక్కేసుకుని వెళ్లండి. మోడల్ ఎక్కడ తప్పుతుందో మీరే ముందు చెప్పేయండి. తర్వాతి స్టాల్‌లో "నీడలో తీసిన ఫొటోలకి తడబడుతుందండీ" అన్నాను. మిగతా టైమంతా దాని మీదే మాట్లాడారు.

హగ్గింగ్ ఫేస్ స్పేసెస్‌లో (ఏఐ డెమోలు పెట్టుకునే సైటు) ఉచితంగా పెట్టిన డెమోని రెండు రోజులు ఎవరూ తెరవకపోతే నిద్రపోతుంది. ఆ ఉదయమే తెరిచి లేపి ఉంచండి. మీ కోడ్ దాచుకున్న గిట్‌హబ్ లింకుని ఇన్‌కాగ్నిటోలో, అంటే లాగిన్ లేని బ్రౌజర్ విండోలో, నొక్కి చూడండి. రెపో (ఆ కోడ్ ఫోల్డర్) ప్రైవేట్‌లో ఉంటే మీకు బాగానే కనిపిస్తుంది, కంపెనీవాళ్లకి మాత్రం 404, అంటే 'పేజీ లేదు' అని వస్తుంది.

స్క్రీన్ షేర్‌లో ఆ ఒక్క ట్యాబే చూపించండి, వాట్సాప్ వెబ్ మూసేయండి. నేను గ్రాఫ్ చూపిస్తుంటే "పాలవాడికి డబ్బులిచ్చావా" అని అమ్మ మెసేజ్ పైకొచ్చింది. పక్క గదిలోంచే! కరెంటు పోతే ఏం చెయ్యాలో కూడా చూసుకోండి. ఫోన్ హాట్‌స్పాట్‌కి ల్యాప్‌టాప్‌ని ముందే ఒకసారి కలిపి ఉంచితే టెన్షన్ ఉండదు.

ఉద్యోగం ఇస్తాం, డిపాజిట్ కట్టమని ఎవరైనా అంటే అక్కడే కట్ చేసేయండి.

మాట్లాడినవాళ్ల పేరు, మెయిల్ అప్పుడే కాగితం మీద రాసుకోండి. మేళా అయ్యాక ఆ చాట్ మళ్లీ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. సాయంత్రమే నాలుగు లైన్లు రాయండి, మీరిద్దరూ మాట్లాడుకున్న ముక్క ఒకటి గుర్తుచేస్తూ. నేనైతే "నీడలో మిరపాకులు ఫొటో తీసిన అబ్బాయినండీ" అని మొదలుపెట్టాను.